గోడ మీద రిక్షా

ఆ రోజుల్లో నాకు బొమ్మలు చదవడం వచ్చు, అక్షరాలు రావు. అందుకే ఈ సంగతి ఇన్నేళ్ళూ నోటితో చెప్పుకోవడమే గాని కాగితం మీద పెట్టలేకపోయాను. అరవయ్యో ఏట మనవరాలి పలక మీద దిద్దుకుని, ఇదిగో, ఇప్పుడు రాస్తున్నాను. (తప్పులుంటే మనవరాలిని అడగండి.)

డెబ్భైల్లో, నా పదహారో ఏట, ఉయ్యూరు దగ్గర మా ఊరి నుంచి బెజవాడ వచ్చి, కాలేజీలో చరిత్ర చెప్పే ఒక మాస్టారింట్లో పనికి కుదిరాను. ఆ ఇల్లు చూపించింది రిక్షా తొక్కే మా అన్నే. వాళ్ళ ముందుగదిలో ఏసుప్రభువు పటం పక్కన, అద్దాలు బిగించిన ఇంగ్లీషు బొమ్మలు నాలుగుండేవి. తన దేశం వెళ్ళిపోతూ ఎవరో దొర ఇచ్చినవట. గోడకి పటం ఉందంటే దేవుడో, పోయిన పెద్దలో అయ్యుండాలి కదా! ఆ పొట్టలూ, పెట్టుడు జుట్లూ చూసి మాస్టారి తాతలనుకుని నెల్లాళ్ళు భక్తిగా తుడిచాను. ఒక పటంలో మాత్రం నలుగురు తాతలు ఒకే బండిలో కిక్కిరిసి కూర్చున్నారు. గుర్రం కూలబడిపోయింది. బండివాడు దాన్ని కర్రతో బాదుతున్నాడు. ఈ తాతలు మంచివాళ్ళు కారనుకున్నాను.

ఒక ఆదివారం సాయంత్రం మాస్టారు శిష్యులకి ఆ పటం చూపిస్తుంటే, కాఫీలు అందిస్తూ నేనూ విన్నాను. "రెండొందల ఏళ్ళ కిందట లండన్‌లో ఇలాంటివి అచ్చేసి బజార్లో అమ్మేవారయ్యా. జనం నవ్వుకుంటూ కొనుక్కునేవారు. కానీ వేసినవాడి అసలు ఉద్దేశం, ఆ బండెక్కిన పెద్దమనుషులు చూసి సిగ్గుపడాలని!"

ఆ మాట నన్ను పట్టుకుంది. ప్రతి ఆదివారం చర్చికి మాస్టారూ, అమ్మగారూ, ఇద్దరమ్మాయిలూ, తిరిగొచ్చేటప్పుడు కూరల సంచీతో సహా, మా అన్న రిక్షాలోనే ఏలూరు కాలువ వంతెన ఎక్కేవారు. సాయంత్రానికి వాడు గుండెలు పట్టుకుని పడుకునేవాడు. మాస్టారి మాట విన్న మర్నాడు, అమ్మగారు కునుకు తీస్తుండగా, బొగ్గుముక్కతో పెరట్లో కుళాయి పక్క గోడ మీద ఆ ప్రయాణమంతా వేసేశాను.

సాయంత్రం కాళ్ళు కడుక్కోవడానికొచ్చిన మాస్టారు అలాగే నిలబడిపోయారు. వెనకే అమ్మగారు.

"ఎవరే ఇది వేసింది?"

"నేనేనండి."

"నా నడుం అంతుంటుందటే?"

"గోడ చాల్లేదండి. తగ్గించే వేశానండి." (నిజం చెబితే ఒప్పుకుంటారనుకునే వయసు.)

మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని, "ఈ నాలుక బయటపెట్టినవాడు మీ అన్నా?" అన్నారు.

"అవునండి. వంతెన కాడ అట్టాగే పెడతాడండి."

ఆయన కాళ్ళు కడుక్కోకుండానే లోపలికి వెళ్ళిపోయారు. అమ్మగారు మాత్రం, "పొద్దున్నే ఆ బొమ్మ మీద సున్నం కొట్టేసి మీ ఊరెళ్ళిపో. మీ అన్ననీ ఇక రావద్దను" అన్నారు. ఆ రాత్రి అన్న నన్ను తిట్టలేదు. అదే ఎక్కువ ఏడిపించింది.

తెల్లారగట్ల సున్నం కలుపుకుని వెళ్తే, బొమ్మ కింద ఎర్ర సుద్దతో ఏదో రాసుంది. అక్షరానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పుట్టినదాన్ని. దాని మీద సున్నం ఎలా కొడతాను? అమ్మగారు చెరపమన్నది బొమ్మనే కదా! బొమ్మంతా కప్పేసి, ఆ వరసని మాత్రం జాగ్రత్తగా వదిలేశాను. పళ్ళపొడి నోటితో వచ్చిన అమ్మగారు, ఉమ్మేసి, గట్టిగా చదివారు: "'పై బొమ్మలో లావుపాటాయన నేనే. సిగ్గుపడ్డాను.'" పైన చూస్తే తెల్లటి గోడ! ఆవిడ కుళాయి పట్టుకుని నవ్వారు. "ఏమండోయ్, బొమ్మ లేకుండానే సిగ్గుపడుతున్నారు, రండి!" తరవాత నా వైపు తిరిగి, "మళ్ళీ వెయ్యవే. నా నడుం సగం చెయ్" అన్నారు.

(ఇప్పుడు ఆ వరస నేనూ రాయగలను గాని, అప్పటంత ధైర్యంగా గీత గియ్యడానికే చెయ్యి రావడం లేదు.) సున్నం ఆరీ ఆరకముందే బొగ్గు తీసుకున్నాను. అమ్మగారి నడుం సగం చేశాను. మాస్టారిని రిక్షా దింపి, వంతెన మీద వెనకనుంచి తోస్తున్నట్టు వేశాను.