అవ్వ తీసుకున్న లైటు

డిగ్రీ మొదటి సంవత్సరం చదివే ఆ రోజుల్లో, నా నోట్లోంచి వచ్చిన మాట నేననుకున్నట్టే అందరికీ అర్థమవుతుందని గట్టిగా నమ్మేదాన్ని. నిజామాబాద్‌లో మా ఇంట్లో లైట్ అన్న ఒక్క మాట చూస్తేనే ఆ నమ్మకం పోవలసింది. అమ్మ చీరల దుకాణంలో 'జర లైటు రంగుది చూపియ్యి' అనేది. బాపు హోటల్లో లైట్ చాయ్ చెప్పి, తీరా తెచ్చాక మరీ పలచగా ఉందని అలిగేవాడు. కాలేజీలో మాకు బస్సు తప్పినా పరీక్ష తప్పినా ఒకటే మందు, 'లైట్ తీస్కో'. పట్టించుకోకు, వదిలెయ్ అని. మా నాయనమ్మకు మాత్రం కరెంటు పోతే వెలిగించే చార్జింగ్ లైటే లైటు. (నాయనమ్మను మేం అవ్వా అంటాం. కొన్ని ఇళ్లలో అమ్మను కూడా అలాగే పిలుస్తారు.)

ఆ వానాకాలం బోధన్ నుంచి పెళ్లిచూపులకు వచ్చి అక్కను చూసిపోయారు. అబ్బాయి పెళ్లిళ్లకు బల్బుల తోరణాలు కడతాడు. అప్పట్నుంచి అక్క బీడీలు చుడుతూ చుడుతూ ఆగిపోయి, తునికాకు చేతిలో పట్టుకుని గోడవైపు నవ్వేది. ఒక సాయంత్రం అబ్బాయి వాళ్లమ్మ ఫోన్ చేసింది. అమ్మా బాపూ ఇంట్లో లేరు కనుక నేనే ఎత్తాను.

"మావోడు లైటింగ్ పని చేస్తడు బిడ్డా, నౌకరి గాదు. మీకు ఇష్టమేనా?" అని ఆమె అడుగుతుండగానే కరెంటు పోయింది. చీకట్లో అవ్వ గోడ తడుముకుంటూ లేచింది. పడుతుందేమోనని అరిచాను. "లైట్ తీస్కో అవ్వా."

అవతల ఆమె "సరే బిడ్డా" అని పెట్టేసింది. ఏమైందో అప్పుడు తట్టింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు, బాపు వచ్చి చేసినా ఎత్తలేదు. అక్క బీడీల చాట ముందు తల వంచుకుంది.

"నువ్వే అన్నవు, నువ్వే పోయి చెప్పు. అవ్వను తీస్కపో" అన్నాడు బాపు.

పొద్దున్నే బస్సెక్కాం. వాన వెలిసి, కిటికీ పక్కన చెరకు తోటలు ఊగుతూ వెనక్కి పోతుంటే, నిద్రో మెలకువో తెలియని మత్తులో నేనొక గొప్ప ప్రసంగం అల్లుకున్నాను. ఆ ఇంటి గుమ్మంలో నిలబడగానే ఒక్క ముక్కా గుర్తు లేదు.

"నన్నే గదా లైట్ తీస్కోమన్నవు? గట్లంటే వదిలెయ్యుమన్నట్టని మావోడు చెప్పిండు" అంది ఆమె.

అవ్వ తాపీగా చేతిసంచిలోంచి మా చార్జింగ్ లైటు తీసింది. (అది తెచ్చిందని నాకూ తెలియదు.) "నీకు గాదు బిడ్డా, నాకు చెప్పింది. గిదే లైటు. నేను తీస్కున్న గూడ" అని మీట నొక్కి చూపించింది. ఆమె లైటునూ అవ్వనూ మార్చి మార్చి చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకోలేకపోయింది.

ఆ నవ్వుకు లోపలినుంచి అబ్బాయి వచ్చాడు, మెడలో బల్బుల తీగతో. "మీ అక్క ఏమన్నది?" అని మెల్లగా అడిగాడు.

"ఏమనలే. రాత్రి అన్నం గూడ తినలే."

అతను తల దించుకున్నాడు గానీ, ముఖంలో సంతోషం దాగలేదు. మాఘంలో వాళ్ల పెళ్లి పందిరికి బల్బులు తనే కట్టుకున్నాడు.

ఇన్నేళ్లయినా ఫోన్ మోగితే నేను ఇల్లు వదిలి వాకిట్లోకి పోయి మాట్లాడతాను. ఎవరితో అంత రహస్యమని మా ఆయనకు అనుమానం. ఆ అనుమానం తీర్చాలంటే ఇంకెన్ని మాటలు అనాలో అని, నవ్వి ఊరుకుంటాను.