నేను గీకేసిన ఇల్లు

దయ్యాల కబుర్లు మొదలైతే మా ఆఫీసులో అందరికంటే ముందు నవ్వేవాణ్ణి నేనే. ఫలానా బంగళాలో గజ్జెల చప్పుడు వినిపించిందని ఎవరైనా అంటే, ఏ గదిలో, ఏ మూల, తలుపు ఏ దిక్కుకు ఉంది అని కాగితం తీసుకుని అడిగేవాణ్ణి. రెండో ప్రశ్నకే వాళ్లకు కోపం వచ్చి లేచి వెళ్లిపోయేవారు. ఇప్పటికీ నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కింద రాసేది దయ్యం కథ అని కూడా నేను అనను. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మాది పాండిచ్చేరిలో ఎప్పుడో స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ చదవడం ఎవరికీ రాదు. నేను కూడా నలభై దాటాకే నేర్చుకున్నాను, అదీ ఒక పటం చూసి. నెల్లూరులో పెళ్లికి వెళ్లినప్పుడు తెలుగు అక్షరాలున్న గోడ పటం ఒకటి కొన్నాను. ఏ ఊరు ఎక్కడుంటుందో నాకు ముందే తెలుసు కాబట్టి, చోటును బట్టి పేరు, పేరును బట్టి అక్షరం పట్టుకున్నాను. నా రాతలో తప్పులుంటే ఆ పటం మీద వెయ్యండి.

నాకు పటాల పిచ్చి పట్టించింది మా మేనత్త కుప్పమ్మ. అమ్మ నన్ను కని పోయింది. నాన్నది మిల్లులో షిఫ్టుల బతుకు. పెంచిందంతా అత్తే. సముద్రం ఒడ్డున జాలర్ల పేట వైతికుప్పం పోయే దారిలో ఇడ్లీలు అమ్మేది. ఇడ్లీలు అరిటాకులో పెట్టి, పైన చుట్టడానికి పాత కాగితాలు కట్టలుగా తెచ్చుకునేది. ఫ్రాన్సుకు వెళ్లిపోతున్న ఎవరో దొర ఇంటి కాగితాల్లో ఒకసారి పెద్ద అట్లాసు వచ్చింది. అప్పుడు నాకు ఏడేళ్లుంటాయి. నేను చూసేసరికే ఆఫ్రికా కింది సగం ఇడ్లీలతో వెళ్లిపోయింది. మిగిలింది చింపొద్దని పుస్తకం మీద పడుకుని ఏడ్చాను. ఆ రోజు అత్త కాగితం లేకుండా వట్టి ఆకుల్లోనే కట్టి ఇచ్చింది. చేతులు కాలుతున్నాయని తిట్టినవాళ్ల తిట్లన్నీ పడింది.

ఆ అట్లాసు ఇప్పటికీ నా దగ్గరుంది. నది పుట్టిన చోట వేలు పెట్టి, సముద్రంలో కలిసేదాకా నెమ్మదిగా జరుపుకుంటూ పోవడం నా ఆట. పెళ్లయ్యాక కూడా ఆదివారాలు అలాగే గడిచేవి. పంచాంగం చూసే అయ్యవారు కూడా ఇంతసేపు చూడడని మా ఆవిడ దెప్పేది. ప్రపంచంలో ఏ రేవు పేరు చెప్పినా కళ్లు మూసుకుని చూపించగలనని నాకు గర్వంగా ఉండేది.

ఈ పిచ్చే నాకు ఉద్యోగం తెచ్చింది. డెబ్బైల మొదట్లో సర్వే ఆఫీసులో ట్రేసరుగా చేరాను. బయట గొలుసుతో కొలిచేవాళ్లు పెన్సిలుతో ఒక చిత్తు పటం వేసుకొస్తారు. దాని మీద ట్రేసింగ్ క్లాత్ అనే పల్చటి గుడ్డ పరిచి, నల్ల సిరాతో శుభ్రంగా ఎక్కించడం నా పని. తర్వాత చిత్తు పటం మూటలో చేరి రికార్డు గదికి పోతుంది. దాన్ని మళ్లీ ఎవరూ విప్పరు. అందరూ చూసేది నా గుడ్డ మీంచి అమ్మోనియా మెషీనులో తీసిన ప్రింటునే.

సర్కారు పోరంబోకు జాగాలో ఉన్న ఇళ్లకు మాకొక పద్ధతి ఉండేది. ఇటుక గోడలుంటే నిండు గీతతో గడి గీయాలి. తాటాకు గుడిసె అయితే అసలు గీయకూడదు.

అత్త ఉండేది అలాంటి పోరంబోకులోనే. వైతికుప్పం ఇసుక మొదలయ్యే చోట, ఒక వాన కాలువ పక్కన తాటాకు గుడిసె. మా ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరం. ఉద్యోగం వచ్చాక నేను అటు వెళ్లడం తగ్గింది. అమావాస్యకు అమావాస్యకు తనే మా ఇంటికి వచ్చేది. "ఒకసారి వచ్చిపోరా దామూ, నీకొకటి చూపించాల," అని రెండు మూడు సార్లు అంది. ఏంటని కూడా అడగలేదు. వస్తాలే అత్తా అన్నాను.

డెబ్బైల చివర ఆ భాగం చిత్తు పటం నా బల్ల మీదికి వచ్చింది. అలవాటుగా సిరాతో ఎక్కించుకుంటూ పోయాను. కాలువ వంపు దగ్గర, వీధి కొళాయికి పక్కన ఒక గడి ఉంది. అదీ ఎక్కించాను. సిరా ఆరాక చూస్తే అది అత్త గుడిసె ఉన్న చోటు.

నాకు ఒళ్లు మండింది. అక్కడ గొలుసు లాగిన చైన్‌మేన్ ఏళుమలై. ఆ దారిలో పనున్నన్నాళ్లూ పొద్దున పూట అత్త దగ్గరే ఇడ్లీలు తిన్నాడని నాకు తెలుసు. ట్రేసరు గారి అత్త కదా అని గుడిసెకు పటంలో గోడలు పెట్టించాడనుకున్నాను. అప్పటికి ఆఫీసులో నాకు నిప్పులాంటి మనిషినని పేరు. రేపు ఎవరైనా ఈ గడి చూపించి, సొంతవాళ్లకు ఇల్లు గీసుకున్నాడు అంటే? ఏళుమలైని పిలిచి అడగొచ్చు. సాయంత్రం సైకిలెక్కి స్వయంగా చూసి రావచ్చు. రెండూ చేయలేదు. అర బ్లేడు తీసుకుని ఆ గడిని గీకేశాను. గీకిన చోట గోటితో రుద్ది నున్నగా చేశాను. కళ్లు నెత్తికెక్కాయనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

రెండేళ్లకు ఆ వాన కాలువను వెడల్పు చేసే పని వచ్చింది. ప్రింటు ముందు పెట్టుకుని, గడి ఉన్న ఇళ్లకు వేరే చోట బదులు జాగా ఇచ్చారు. గడి లేనివాళ్లను లేచిపొమ్మన్నారు.

అత్త మా ఆఫీసు వరండాలోకి వచ్చి నిలబడింది. అంతకు ముందు ఎప్పుడూ ఆఫీసుకు రాలేదు.

"మా పక్కింటోళ్లంతా నీ పటంలో ఉండారంట. నేను యాడ ఉండానో చూడు నాయనా," అంది.

నేను ప్రింటు తెచ్చి ఆమె ముందు విప్పాను. లేదని తెలిసీ వెతుకుతున్నట్టు వేలు జరిపాను. "లేదు అత్తా," అన్నాను.

"సరిలే. నీ చేతిలో ఏముండాది," అని వెళ్లిపోయింది. తాటాకు గుడిసెను గీయరు, పద్ధతి అది, నా తప్పేముంది అని నాకు నేను చెప్పుకున్నాను. కూల్చిన రోజు కూడా నేను అటు వెళ్లలేదు. అత్త కాలాపేటలో ఉన్న కూతురు వసంత దగ్గరికి చేరింది.

తర్వాత నాలుగైదు నెలలకు జరిగింది ఇది. ఏళుమలైకి మోకాలు పాడై, బయట పని మాన్పించి ప్రింటు గదిలో వేశారు. ఒక రోజు పదకొండు గంటలప్పుడు అతను ఇంకా అమ్మోనియా వాసన పోని ప్రింటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చాడు. ముఖం సంతోషంగా ఉంది. "ఇన్నాళ్లకు ఇడ్లీలమ్మ ఇల్లు పెట్టారే సార్," అన్నాడు తమిళంలో.

కాలువ వంపు దగ్గర, కొళాయి పక్కన, గడి ఉంది.

ట్రేసింగు తెప్పించి కిటికీ అద్దానికి ఆనించి చూశాను. భూతద్దం పెట్టి చూశాను. గీకిన చోటు నున్నగా, ఖాళీగా ఉంది. మెషీను అద్దం మీద మరక ఏమో అని వేరే పటం తీయించాను. అందులో ఏమీ రాలేదు. ఈ గుడ్డనే తలకిందులుగా పెట్టి తీయించాను. గడి కూడా దానితోపాటే తిరిగి, కాలువ వంపు దగ్గరే వచ్చింది. మొత్తం మూడు ప్రింట్లు తీశాం, మూడింటిలోనూ ఉంది. ఫైల్లో ఉన్న పాత ప్రింట్లు తీసి చూశాను. ఒక్కదాంట్లోనూ లేదు.

గీకినా సిరా ఛాయ ఎక్కడో మిగిలి ఉంటుందని సర్దిచెప్పుకోబోయాను. ఏళుమలై ప్రింటు మీదికి వంగి ఇంకో మాట అన్నాడు. గడికి పడమటి పక్కన చిన్న ముక్కులాగా పొడుచుకొచ్చి ఉంది. "ఇదేంటో నాకు తెలియదు సార్. మేం కొలిచినప్పుడు ఇది లేదు. నాలుగు గోడలే. కొత్త ఇటుక, నేనే గొలుసు ఆనించాను."

అప్పుడు అడిగాను, గోడలు నిజంగా ఉన్నాయా అని. అతను నా వంక వింతగా చూశాడు. ఏళ్ల తరబడి కూడబెట్టి కట్టుకుందని, మా దామూకు చూపించాలని అనని రోజు లేదని చెప్పాడు. ఆమె నాకు చూపించాలనుకున్నది అదే.

ఆ మధ్యాహ్నం నేను అన్నం తినలేదు. రికార్డు గదిలో చిత్తు పటం మూట విప్పించాను. పెన్సిలు గడి ఉంది, నాలుగు గోడలతో. ముక్కు లేదు. నేను సిరాతో ఎక్కించి గీకేసిందీ ఆ నాలుగు గోడలనే.

పై అధికారికి నిజం చెప్పాలనుకున్నాను. ఆ వారమే నా ప్రమోషను కాగితం కదులుతోంది. అప్పటికే బదులు జాగాల పంపకం అయిపోయిందని, చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం ఏమిటని సాకు వెతుక్కున్నాను. చెప్పలేదు. కనీసం అత్తకైనా చెబుదామని ఆదివారం ఒక ప్రింటు మడిచి కాలాపేట బస్సెక్కాను.

అత్త వాకిట్లో బియ్యం ఏరుతోంది. చాలా చిక్కిపోయింది. నేను ఏం చెప్పాలో బస్సులో అనుకున్నదంతా మరిచిపోయి, ప్రింటు విప్పి చాప మీద పరిచాను. ఇది సముద్రం, ఇది కాలువ అని చూపించాను. మిగతాది ఆమే పట్టుకుంది. చదువు రాని మనిషి, కాలువ వెంట వేలు జరుపుకుంటూ వంపు దగ్గర ఆగి, కొళాయి దాటి, గడి మీద పెట్టింది. నేను అట్లాసులో నదుల మీద జరిపినట్టే జరిపింది.

"నా ఇల్లే," అంది. వేలు పడమటి పక్కన ఉన్న ముక్కు మీదికి జరిపింది. ఉన్నట్టుండి గట్టిగా నవ్వింది.

"ఇదేంది దామూ, తిన్నె కూడా పెట్టినావే! నీ ఆఫీసోళ్లు కొలిచి పొయినంక కదరా నేను దీన్ని కట్టుకునింది. సముద్రం గాలికి పొయ్యి నిలవదని ఈ పక్కకు వేసుకుంటి." నా గడ్డం పట్టుకుంది. "అట్లయితే నువ్వు వచ్చినావు. నేను లేనప్పుడు వచ్చి చూసి పొయినావు. అత్తతో ఒక మాట చెప్పకూడదా?"

నేను నోరు తెరిచాను. నేనే గీకేశానత్తా అనాలి. అందుకే వచ్చాను.

"అవునత్తా, వచ్చాను," అన్నాను.

ఆమె లోపలికి కేకేసింది. "వసంతా, చూడు, వాడు వచ్చినాడంట. రాలేదని ఎంత తిట్టుకుంటిమి!" వీధిలో నలుగురిని పిలిచి ఆ గడి చూపించింది. నన్ను తినకుండా పంపలేదు.

ఆ వానాకాలంలోనే అత్త పోయింది. ప్రింటు ఆమె పెట్టెలో ఉందని వసంత చెప్పింది. అడిగి తెచ్చుకునే ముఖం నాకు లేదు.

కాలాపేట నుంచి వచ్చిన మరునాడు ఆ ట్రేసింగు మీంచి ఇంకో ప్రింటు తీయించాను. గడి రాలేదు. ఆ తర్వాత ఎన్నిసార్లు తీయించినా రాలేదు. ఏళుమలై మెషీను తుడిచి, అద్దం మార్చి, నాకోసం మళ్లీ మళ్లీ తీసేవాడు. వస్తే బాగుండునని ఇద్దరం చూసేవాళ్లం. నా దగ్గరున్న రెండు పాత ప్రింట్లు అమ్మోనియా ప్రింట్లన్నిటిలాగే ఎండకు వెలిసి, పసుపు కాగితాలు అయిపోయాయి. ఇప్పుడు వాటిలో కాలువ లేదు, సముద్రం లేదు, ఇల్లు లేదు. మీకు చూపించడానికి నా దగ్గర సాక్ష్యం ఏమీ మిగల్లేదు.

తెలిసినవాళ్లను అడిగాను. గీకినా సిరా పూర్తిగా పోదు, వేడికి ఒక్కోసారి తేలుతుంది అన్నారు. సరే, నాలుగు గోడల మట్టుకు ఆ మాట ఒప్పుకుంటాను. తిన్నెకు ఏం చెప్పను? అది చిత్తు పటంలో లేదు. నా గుడ్డ మీదా ఎప్పుడూ లేదు. అది ఎట్లా వచ్చిందో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు.

ఆదివారాలు ఇప్పటికీ అట్లాసు తీస్తాను. ఆఫ్రికా సగం దగ్గర చిరిగిన అంచు తగిలినప్పుడల్లా చెయ్యి ఆగిపోతుంది. చూసి పొయినావు అని ఆమె అంటే అవునన్నాను. ఆ తిన్నె మీద నేను ఒక్కసారి కూడా కూర్చోలేదు.