వెళ్తాననే మాట

బట్టలు కుట్టే అక్క మధ్యాహ్నం మిషను ఆపి, సూది పైటకు గుచ్చుకుని, కళ్ళు మూసుకుని ధ్యానంలో కూర్చుంటుంది. గుమ్మంలో ఎవరూ లేకుండానే, "జాకెట్టు రేపు ఇస్తాను తల్లీ" అంటుంది. ఆ తర్వాతే జాకెట్టు కోసం ఎవరో మెట్లెక్కి వస్తారు. "కునుక్కి ఎంత మంచి పేరు పెట్టావక్కా!" అని లారీ తోలే తమ్ముడు ఏడిపిస్తాడు.

ఆ రోజు అతను చెప్పులేసుకుని, "వెళ్ళొస్తానక్కా" అన్నాడు. ఆమె కళ్ళు తెరవకుండానే అతని చెయ్యి పట్టుకుంది. "వెళ్తానన్నావేంరా?" "వెళ్ళొస్తాననే అన్నాను. నీ చెవులకేమైంది?" "నాకు వెళ్తాననే వినిపించింది. ఈ పూట బండి తియ్యకు, కూర్చో." అతను నవ్వుతూ చెప్పులు గుమ్మంలో విడిచి, పక్కన కూర్చున్నాడు. ఆమె చెయ్యి వదిలింది.

కాసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడు కిందికి దిగిపోయింది. "వెళ్తానక్కా" అంది అతని గొంతే, కింద నుంచి. అతని చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయి. ఈసారి అక్క చెయ్యి అతనే గట్టిగా పట్టుకున్నాడు.