వెనకవైపు పాటలు, బయట గడియ

నా చిన్నప్పుడు, గుడివాడ మొత్తానికి నా అంత తెలివైనవాడు లేడని గట్టిగా నమ్మిన మనిషి ఒక్కడే ఉండేవాడు. వాడెవడో మీరు ఈపాటికి పోల్చుకునే ఉంటారు. తనను గదిలో పెట్టి బయట గడియ వేయమని తనే బతిమాలుకుని, ఆ గడియ తీయమని తనే గొంతు పోయేలా ఏడ్చిన తెలివి వాడిది. ఇంత వయసొచ్చాక కూడా ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఒంటికి ఉక్కపోస్తుంది.

మా వీధిలో ఒక మైక్ సెట్టు మావయ్య ఉండేవారు. మాకు చుట్టరికం ఏమీ లేదు. వీధిలో పిల్లలందరికీ ఆయన మావయ్యే. పెళ్ళిళ్ళకీ, ఓణీల పేరంటాలకీ లౌడ్ స్పీకర్లూ, గ్రామఫోనూ, రికార్డుల పెట్టే వేసుకుని ఇటు బందరు దాకా, అటు దివిసీమ దాకా తిరిగేవారు. వేసవి సెలవులొస్తే నా మకాం ఆయన సామాను గదిలోనే. మెత్తటి గుడ్డతో రికార్డులు తుడవడం, అరిగిన ముల్లు తీసి కొత్త ముల్లు బిగించడం, కీ ఇవ్వడం నా ఉద్యోగం. జీతం కింద పాటలు ముట్టేవి.

రికార్డు తుడిచేవాడికి ఒక సంగతి తొందరగా తెలుస్తుంది. ప్రతి రికార్డుకీ రెండు వైపులుంటాయి కదా. జనం అడిగేది ఒకవైపు పాటే. పెళ్ళిపెళ్ళికీ అదే వేసి వేసి, ఆ వైపు అరిగి బూడిదరంగుకి తిరిగి ఉంటుంది. రెండో వైపు మాత్రం నల్లగా నిగనిగలాడుతూ, ఎవరూ తాకనట్టు ఉంటుంది. ముందువైపు పాట పెళ్ళికొడుకైతే, వెనకవైపుది తోడుపెళ్ళికొడుకు. ముస్తాబు ఇద్దరికీ ఒకటే, చూసే కళ్ళు మాత్రం ఒకరి మీదే.

నేను ఆ తోడుపెళ్ళికొడుకుల పక్షం చేరాను. జాలితో అయితే బాగానే ఉండేది. జాలి కాదు, గర్వం. రైలు గురించి ముక్కుతో పాడిన ఒకావిడ పాట, మధ్యలో తుమ్ములు వచ్చే ఒక హాస్యగీతం, పేరు చెరిగిపోయిన గాయకుడెవరో వర్షం మీద పాడిన పాట, ఇవన్నీ ఊళ్ళో నాకొక్కడికే తెలుసనుకుంటే కడుపు నిండిపోయేది. వీధిలో ఎవడైనా మామూలు సినిమా పాట కూనిరాగం తీస్తే, పాపం అజ్ఞాని అన్నట్టు చూసేవాణ్ణి.

ఆ ఏడు మావయ్య బావమరిది ఓడ ఉద్యోగం నుంచి వస్తూ ఒక టేపు యంత్రం తెచ్చారు. సూట్‌కేసంత బరువు, రెండు చక్రాలు, వాటి మధ్య గోధుమరంగు నాడా. చుట్టుపక్కల అటువంటిది ఎవరూ చూసి ఎరగరు. దానితో పాటు వచ్చిన టేపు చుట్టల్లో ఒకదాన్ని మావయ్య నా చేతిలో పెట్టి, “సెలవులన్నీ చాకిరీ చేశావురా. ఇది నీది. నీకిష్టమైన పాటలు ఎక్కించుకో. ఇంకో చుట్ట మాత్రం అడక్కు, ఇలాంటిది ఇక్కడెక్కడా దొరకదు,” అన్నారు. మా తాతయ్య కూడా చుట్ట మనిషే గానీ, ఆయన చుట్ట కాలితే బూడిద మిగిలేది. నా చుట్ట తిరిగితే పాట మిగులుతుంది. ఆ రాత్రి దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఈ వార్త పక్కింటి అక్కకి చేరింది. అక్క వాళ్ళ అరుగు మీద కుట్టుమిషను పెట్టుకుని వీధిలో వాళ్ళందరికీ జాకెట్లు కుట్టేది. తనకొక పాటంటే ప్రాణం. ఏ పెళ్ళి పందిట్లో విన్నా మిషను ఆపేసి మరీ వినేది. అది ముందువైపు పాట, అరిగిపోయిన పాట.

“ఒరేయ్ నాన్నా, నీ టేపులో చివర్న నా పాట కూడా ఒక్కటి ఎక్కించరా. ఎప్పుడైనా వింటాను,” అంది.

“అది అందరూ వినేదే కదక్కా. నా టేపులో ఎవరూ వినని పాటలే ఉంటాయి,” అన్నాను ముక్కు పైకెత్తి.

“ఎవరూ వినని పాటలు నువ్వొక్కడివీ ఏం చేసుకుంటావురా, ఊరగాయ పెట్టుకుంటావా?”

మావిడికాయల రోజులవి. అక్క మిషను తొక్కుతూనే నవ్వింది. ఆ నవ్వులో ఏదో కుట్టు పడిందని నాకప్పుడు తెలియలేదు.

ఆ యంత్రానికి గ్రామఫోను నుంచి నేరుగా పాట అందే దారి లేదు. గ్రామఫోను ముందు మైకు పెట్టాలి. అంటే గదిలో ఏ చప్పుడైనా పాటతో పాటే టేపులోకి ఎక్కేస్తుంది. అందుకని సామాను గది కిటికీకి బొంతలు కట్టాం. గోడలకి ఆయన పెళ్ళివారికి అద్దెకిచ్చే పరుపులు నిలబెట్టాం. ఫ్యాను ఆపేశాం. రోహిణీ కార్తె ఎండ. తలుపు దగ్గరికి వేయబోతున్న మావయ్యతో, “బయట గడియ పెట్టండి మావయ్య గారూ. లేకపోతే వీధిలో పిల్లలు దూరి పాటలు వినేస్తారు,” అన్నాను. ఆయన ఒక్క క్షణం నా వంక చూసి, సరేనని గడియ పెట్టారు. ఆ గడియ ఏ గడియలో పెట్టారో గానీ, వర్జ్యం మాత్రం ఖాయం.

మొదటి పాట మొదలుపెట్టి కూర్చున్నాక తెలిసింది, నేను పెట్టుకున్నది కచేరీ కాదు, చెర అని. పాట నడుస్తున్నంతసేపూ కదలకూడదు. దగ్గకూడదు. చెమట కంట్లోకి జారినా తుడుచుకోకూడదు, చొక్కా చప్పుడు ఎక్కేస్తుంది. ఒక దోమ చెవి చుట్టూ తిరిగి తిరిగి చివరికి మైకు మీద వాలింది. రైలు పాట సగంలో ఉండగా నిజం రైలే బందరు వైపు కూత పెట్టుకుంటూ పోయింది. ఆ కూత చరణం మధ్యలో ఎక్కి కూర్చుంది. హాస్యగీతంలో ఆయన తుమ్మినప్పుడల్లా నాకూ తుమ్మొచ్చేది. ముక్కు నులుముకుని, కళ్ళు బిగించుకుని, నా సొంత ఒంట్లో నేనే ఖైదీనై కూర్చున్నాను. పాటకీ పాటకీ మధ్య ముల్లు మార్చి, కీ ఇచ్చే కాసేపే నాకు ఊపిరి. మంచినీళ్ళ చెంబు తెచ్చుకోవడం మరిచిపోయాను. పాటల కోసం పడే పాట్లు ఇలా ఉంటాయని ఏ పాటలోనూ చెప్పలేదు.

చివరిది వర్షం పాట. బయట నిప్పులు కురుస్తుంటే లోపల ఆయనెవరో చినుకుల మీద రాగాలు తీస్తున్నాడు. అది అయిపోగానే ఒక్క ఉదుటున లేచాను. యంత్రం ఆపాలన్న ధ్యాస లేదు. మైకు వైరు కాలికి చుట్టుకుంది. మైకు నా వెనకే తలుపు దాకా దొర్లుకుంటూ వచ్చింది.

“మావయ్య గారూ, అయిపోయింది. గడియ తీయండి.”

జవాబు లేదు. గట్టిగా పిలిచాను. జవాబు లేదు. తలుపు బాదాను. నాకు తెలియని సంగతేమిటంటే, నేను లోపల పాటల్లో ఉండగా దివిసీమ నుంచి ఒక మనిషి పరుగున వచ్చి, అక్కడ పెళ్ళిలో మైకు మూగబోయిందని మావయ్యను ఉన్నపళంగా అవనిగడ్డ బస్సెక్కించుకుని తీసుకుపోయాడు.

ఇంకెవరూ రారేమో అనిపించింది. గాలి అయిపోతోందనిపించింది. పరుపులు నా మీదికి ఒరుగుతున్నాయనిపించింది. అప్పుడింక పిలుపు పోయి ఏడుపొచ్చింది. “తలుపు తీయండి! చచ్చిపోతున్నాను! ఎవరైనా కాపాడండి!” అని అరుస్తుంటే, ఏడుపు శ్రుతి మించి రాగాన పడింది.

తలుపు సందుకి చెవి ఆనిస్తే అవతల మనుషుల అలికిడి వినిపించింది. ప్రాణం లేచొచ్చింది. కిళ్ళీ కొట్టు తాత గొంతు, రిక్షా బాబాయి గొంతు పోల్చుకున్నాను.

“కొత్త నాటకం రికార్డు తెప్పించినట్టున్నాడే మనవాడు!”

“చెరసాల సీనండీ. కుర్రవేషం బాగా పట్టుకున్నాడు.”

“పట్టుకుంటే సరా? పద్యం ఏది? ఇంతసేపూ ఏడుపేనా?”

ఆ రోజుల్లో మైక్ సెట్టు వాళ్ళ ఇంట్లోంచి చావుకేకలు వినిపించినా కంగారుపడేవాళ్ళు లేరు. నాటకాల రికార్డుల్లో రోజూ ఎవరో ఒకరు చస్తూనే ఉండేవారు. నేను ఇంకా గట్టిగా, “రికార్డు కాదు, నేనే! నేనే!” అని అరిచాను. పరుపుల్లోంచి వాళ్ళకి అదెలా వినపడిందో గానీ, అవతల చప్పట్లు పడ్డాయి.

“వన్స్ మోర్!” అన్నాడు రిక్షా బాబాయి.

సిగ్గు విడిచి చెబుతున్నాను, వన్స్ మోర్ అనగానే నేను మళ్ళీ అరిచాను. మొదటిసారి కన్నా బాగా కూడా వచ్చింది. నా జీవితంలో నాకు పడిన వన్స్ మోర్ అదొక్కటే.

కాసేపటికి గొంతు పూర్తిగా పోయింది. అరవడానికి గాలి కూడా లేక గడప మీద కూలబడి, మోకాళ్ళలో తల పెట్టుకుని ఊరుకున్నాను. గది నిశ్శబ్దమైపోయింది. నిండా ఒక పాట పట్టేంత సేపు కూడా కాలేదు, గడియ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. వెలుతురులో పక్కింటి అక్క, చేతిలో మజ్జిగ గ్లాసు.

“అయిపోయాయా పాటలు?” అంది చల్లగా, ఆ మజ్జిగ కన్నా చల్లగా.

నేను మజ్జిగ గడగడా తాగుతుంటే అక్కే చెప్పింది. మావయ్య వెళ్తూ వెళ్తూ తనకి ఒప్పజెప్పిన మాట ఇది: “పాటలు ఆగాక గడియ తీయమ్మా. మధ్యలో తీస్తే వాడి టేపు పాడైపోతుంది.” ఆయన తలుపు తట్టి నాతో చెప్పిపోకపోవడం కూడా అందుకే. నా పాట చెడగొట్టకూడదని. అక్క అరుగు మీదే కూర్చుని, చప్పుడు ఆగడం కోసం చూస్తూ ఉందట. “నువ్వు ఆపితే కదా నేను తీసేది!” అంది.

అంటే, నేను అరిచినంతసేపూ ఆ తలుపుని నేనే మూసి ఉంచాను. నోరు మూసుకుని ఉంటే ఎప్పుడో బయటపడేవాణ్ణి.

మర్నాడు మావయ్య వచ్చి టేపు మొత్తం విన్నారు. పాటలు, రైలు కూత, దోమ, ఆ తర్వాత టేపు అయిపోయే దాకా నా చెరసాల సీను. నేను తలెత్తలేదు. చెరిపేయండి అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. “ఉండనీరా. మిగతావన్నీ వెనకవైపు పాటలే. జనం నిలబడి విన్నది ఈ చివరిదొక్కటే,” అన్నారు. మందలింపో మెచ్చుకోలో తెలియక ఆ చుట్టని అట్టపెట్టెలో పెట్టి దాచేశాను.

చాలా ఏళ్ళకి, క్యాసెట్ల కాలంలో, ఆ పాత చుట్టని క్యాసెట్టుకి ఎక్కించుకుందామని కూర్చున్నాను. ఈసారి చెవులకి తగిలించుకునే మంచి స్పీకర్లున్నాయి. నా ఏడుపు మధ్యలో, నేను ఊపిరి తీసుకున్న చోట, తలుపు అవతల నుంచి సన్నగా ఒక ఆడగొంతు. కాలికి చుట్టుకొచ్చిన మైకు సందు దగ్గర పడి, అంతా విని ఉంచింది.

“వాడేనండీ తాతా, రికార్డు కాదు. ఇంకొంచెం పాడనివ్వండి. ఒక్క పాట ఎక్కించమంటే ఎంత మిడిసిపడ్డాడనుకున్నారు!”

ఆ తర్వాతే వచ్చింది వన్స్ మోర్.

ఒక్కణ్ణే కూర్చుని చాలాసేపు నవ్వుకున్నాను. చెప్పిన మాట తు.చ. తప్పకుండా పాటిస్తూనే నాకు పాఠం చెప్పిన మనిషి మా పక్కింటి అక్క. ఆ పాఠం నాకు చాలాచోట్ల పనికొచ్చింది. ఆఫీసులో, ఆస్పత్రి వరండాల్లో, ఇంట్లో మాటా మాటా పెరిగిన సాయంత్రాల్లో, ఎక్కడ ఊపిరాడనట్టున్నా ముందు కాసేపు అరవడం ఆపి చూస్తాను. అన్ని తలుపులూ తెరుచుకున్నాయని చెప్పను. కొన్ని తెరుచుకున్నాయి. పాటలు దాచుకోవడం మాత్రం ఆనాటితో మానేశాను. ఎవరైనా మా ఇంటికొస్తే, వద్దన్నా వినిపిస్తాను.

కానీ పాఠం వేరు, బాకీ వేరు. నేను క్యాసెట్టు ఎక్కించిన నాటికి అక్క బందరులో మనవలతో ఉంటోంది. క్యాసెట్టు పట్టుకుని వెళ్ళాను. పిల్లలందరినీ కూర్చోబెట్టి ఆ సీను వినిపించాను. “నాకేం తెలుసురా అప్పుడు, రికార్డే అనుకున్నాను,” అని అక్క అంటుండగానే క్యాసెట్టులోంచి అక్కే, “వాడేనండీ తాతా,” అంది. మనవలు పొట్టలు పట్టుకుని నవ్వారు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడు రెండో క్యాసెట్టు తీశాను. అందులో రెండు వైపులా ఒకటే పాట, అందరూ వినేది, అక్క అడిగింది, నేను ఎక్కించనన్నది, మళ్ళీ మళ్ళీ ఎక్కించి ఉంది. అది మొదలుపెట్టి, పిల్లల్ని బయటికి తోలి, అక్కని గదిలో కూర్చోబెట్టి బయట గడియ పెట్టాను.

“పాటలు ఆగాక తీస్తానక్కా!” అన్నాను.

మొదటిసారి పాట అయిపోయింది. తలుపు బాదుతుందేమోనని గడియ మీద చెయ్యి వేసి చూస్తున్నాను. లోపల నుంచి అక్క గొంతు, ముసలిదైనా ఖంగుమంటూ వినిపించింది.

“వన్స్ మోర్!”