పచ్చదీపం వెలిగాక లాగిన బోర్డు

పదేళ్ల క్రితం జూన్ ఒకటో తేదీన నోయిడాలో సర్వర్లు తయారుచేసే ఒక సంస్థ నన్ను కెర్నల్ విభాగానికి అధిపతిగా నియమించింది. అంతకు ముందు ఇరవై ఆరేళ్లు ఢిల్లీలోని ఒక ప్రభుత్వ పరిశోధన కేంద్రంలో పనిచేశాను. ప్రతి నిర్ణయానికీ ఒక కాగితం, ప్రతి కాగితానికీ ఒక తేదీ, ప్రతి తేదీకీ ఒక సంతకం ఉండాలన్న నియమం నాకు అక్కడే అలవడింది. కొత్త ఉద్యోగంలో మొదటి నెలలోనే ఆ పద్ధతిని ప్రవేశపెట్టాను. విభాగంలో కొందరు గొణిగారు. నేను లక్ష్యపెట్టలేదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లో అట్టడుగున ఉండి, ప్రాసెసర్లనూ మెమరీనీ ప్రోగ్రాములకు పంచిపెట్టే భాగాన్ని కెర్నల్ అంటారు. నాకు అప్పగించిన పని, యంత్రం నడుస్తూ ఉండగానే ప్రాసెసర్లూ మెమరీ ఉన్న బోర్డును ఊడదీసి మరొకటి అమర్చే వీలు కల్పించడం. మా వాడుకలో దీన్ని హాట్‌ప్లగ్ అంటారు. ఒక్క నిమిషం కూడా ఆగకూడని చోట్ల, అంటే ఆసుపత్రులు, టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీల వంటి చోట్ల, ఈ సౌకర్యం అవసరం.

బోర్డును పెట్టడం తేలిక, తీయడం కష్టం. ముందుగా ఆ బోర్డు మీది ప్రాసెసర్లకు కొత్త పనులు ఇవ్వడం ఆపి, చేతిలో ఉన్న పనులను ఇతర ప్రాసెసర్లకు బదిలీ చేయాలి. తరువాత మెమరీలోని సమాచారాన్ని పేజీలనే చిన్న చిన్న భాగాలుగా మరో బోర్డు మీదికి నకలు చేయాలి. ఒక్కొక్క పేజీని ఎందరు వాడుతున్నారో తెలిపే లెక్క ఒకటి ఉంటుంది. ఆ లెక్క సరిపోతేనే పేజీని కదిలించాలి. అంతా పూర్తయ్యాక బోర్డు పక్కన పచ్చదీపం వెలుగుతుంది. ఇక లాగవచ్చునని దాని అర్థం.

మెమరీని ఖాళీ చేయించే భాగాన్ని రాసినది కరుణ. అప్పటికి ఆమె ఉద్యోగంలో ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. డిసెంబరులో ఖాయం కావలసి ఉంది. తల్లిది బాపట్ల దగ్గర. ఢిల్లీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. కరుణ ఇక్కడే పుట్టి పెరిగింది. తెలుగు ఇంట్లోనూ చర్చిలోనూ నేర్చుకున్నదే. తొందర పడితే మాట హిందీలోకి జారిపోయేది. పనిలో మాత్రం తొందరపాటు ఉండేది కాదు.

మా ప్రయోగశాలలో నిజమైన బోర్డులున్న యంత్రం ఒక్కటే ఉండేది. బోర్డు లాగినప్పుడల్లా దాని కనెక్టర్ సూదులు కొంత అరుగుతాయి. ఇన్నిసార్లకు మించి లాగరాదని తయారీదారు నియమం. అందువల్ల పరీక్షలన్నీ ఉత్తుత్తి యంత్రం మీద జరిగేవి, అంటే సాఫ్ట్‌వేర్‌లోనే బోర్డు తీసినట్టు అనుకునేవాళ్లం. నిజంగా లాగాలంటే ఫారం నింపి నా సంతకం తీసుకోవాలి. కోడ్ మీద అభ్యంతరం ఏదైనా ఉంటే, అది కూడా విడుదల గడువుకు ముందే, రుజువుతో సహా, ఫారంలోనే రాయాలి. నోటిమాట చెల్లదు. ఈ నియమాలు రెండూ నేను పెట్టినవే.

ఆ సంవత్సరం గడువు నవంబరు మొదటి శుక్రవారం. ఒక్క అభ్యంతరమూ రాలేదు. సోమవారం ఉదయం, కిటికీ బయట పొగ తప్ప మరేమీ కనబడని రోజున, కరుణ నా గదిలోకి వచ్చి నిలబడింది.

“సర్, ఒక్కరోజు మెషిన్ ఇవ్వండి. బస్, ఏక్ దిన్. బోర్డు నిజంగా లాగి చూడాలి.”

కారణం అడిగాను. ఉత్తుత్తి యంత్రం మీద నాలుగువందల సార్లు నడిపితే రెండుసార్లు, పచ్చదీపం వెలిగిన తరువాత కూడా ఒక పేజీ వాడకం లెక్క సున్నాకు రాలేదని చెప్పింది. డిస్కు నుంచి సమాచారాన్ని నేరుగా మెమరీలోకి రాసే డిస్కు కార్డు ఆ పేజీ చిరునామాను ముందే తీసుకుని ఉంటుందనీ, సమాచారం అక్కడినుంచి వెళ్లిపోయిందని దానికి తెలియదనీ ఆమె అనుమానం.

“మా సరోజినీ నగర్ క్వార్టర్స్ కూల్చినప్పుడు ఇలాగే అయ్యింది సర్. అందరినీ ఖాళీ చేయించారు, పోస్ట్‌మ్యాన్‌కి మాత్రం చెప్పలేదు. వాడు రోజూ అక్కడికే వచ్చేవాడు. ఇక్కడ కూడా కార్డు పాత అడ్రస్‌కే రాస్తోంది. ఉత్తుత్తి మెషిన్‌లో ఆ అడ్రస్ ఇంకా ఉంటుంది కాబట్టి ఏమీ కాదు. నిజంగా బోర్డు లేకపోతే?”

అభ్యంతరాన్ని ఫారంలో రాయమన్నాను.

“ఫారం శుక్రవారమే క్లోజ్ అయిపోయింది కదా సర్.”

“అయితే వచ్చే విడుదలలో రాయండి.”

“అందులో రుజువు చూపించమంటారు. రుజువుకి మెషిన్ కావాలి. మెషిన్‌కి మీ సంతకం కావాలి. సంతకానికి ఫారం కావాలి. నేనెక్కడ మొదలుపెట్టాలి సర్?”

పరీక్షల విభాగం చూసే దూబే అప్పుడు నా ఎదుటనే కూర్చుని ఉన్నాడు. తెలుగు రాకపోయినా మెషిన్, ఫారం అన్న మాటలు పట్టుకుని, “మేడమ్, సర్కారీ దఫ్తర్ మే ఆప్‌కా స్వాగత్ హై” అని, ప్రభుత్వ కార్యాలయానికి స్వాగతమన్నట్టు నవ్వాడు. నేను నవ్వలేదు. నాలుగువందలలో రెండు అంటే లెక్క నమోదులో పొరపాటు కావచ్చునని చెప్పి, ఫైలు మూసాను. “ఠీక్ హై సర్” అని ఆమె వెళ్లిపోయింది. ఒక చిన్న ఉద్యోగికి క్రమశిక్షణ నేర్పానని ఆ పూట అనుకున్నాను.

మూడు వారాల తరువాత గురుగ్రామ్‌లోని ఒక ఆసుపత్రిలో, రోగుల రికార్డులుండే మా యంత్రంలో ఒక మెమరీ బోర్డు తప్పులు చూపసాగింది. మా టెక్నీషియన్ పుస్తకంలో రాసినట్టే చేశాడు. ఉదయం పదకొండు గంటలకు, యంత్రం ఆపకుండా, బోర్డు ఖాళీ చేయమని ఆదేశం ఇచ్చాడు. పచ్చదీపం వెలిగింది. నియమం ప్రకారం ఒక నిమిషం ఆగి లాగాడు. ఆ క్షణంలో డిస్కు కార్డు, లేని బోర్డు మీది పాత చిరునామాకు రాయబోయింది. జవాబు రాకపోయేసరికి యంత్రం మొత్తం నిలిచిపోయింది.

సాయంత్రం వరకు అక్కడ మందుల కౌంటర్లలో చేతిరాతతో పని నడిపారు. కొన్ని శస్త్రచికిత్సలు వాయిదా పడ్డాయి. ఎవరికైనా హాని జరిగిందా అన్నది మాకు ఎవరూ రాసి పంపలేదు. నేనూ అడగలేదు.

వారంలోగా ముగ్గురు సభ్యుల విచారణ సంఘం కూర్చుంది. దానికి అధ్యక్షత వహించినది మా సంస్థ ఉపాధ్యక్షుడు ఖన్నా. కోడ్ రాసిన వ్యక్తిగా కరుణను, విభాగాధిపతిగా నన్ను పిలిచారు. విడుదలకు ముందు ఈ లోపం ఎవరికైనా తెలుసా అని ఖన్నా నన్ను అడిగాడు.

“రికార్డులో లేదు” అన్నాను.

అది అక్షరాలా నిజం. ఖన్నా కరుణ వైపు తిరిగి, “ఆప్ కుఛ్ కెహనా చాహేంగీ?” అంటూ, చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగాడు. ఆమె నా వైపు చూసి, నేను ఇంకేమైనా చెబుతానేమోనని వేచింది. నేను నా ముందున్న కాగితాలు సర్దుకున్నాను.

“సర్ ఠీక్ కహ్ రహే హైఁ. రికార్డ్ మే నహీఁ హై” అని నా మాటనే బలపరిచింది.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను తరువాత అనేకసార్లు ప్రశ్నించుకున్నాను. రాయనిది జరగనట్టే అన్న నమ్మకం కొంత. నా పదవి మీది భయం కొంత. ఏది ఎంత పాలో ఇప్పటికీ తేల్చలేను. డిసెంబరులో ఆమె ఉద్యోగం ఖాయం చేయవలసిన పత్రం నా బల్ల మీదికి వచ్చింది. సంఘం సిఫారసు అందులో ముందే టైపు చేసి ఉంది: “తాను రాసిన కోడ్‌లోని లోపాన్ని సకాలంలో పై అధికారికి తెలియజేయలేదు. ఖాయం చేయదగదు.” ఆ పై అధికారిని నేనే. సంతకం చేశాను. నెలాఖరున ఆమె వెళ్లిపోయింది.

జనవరిలో నేనే ఫారం నింపి, నేనే సంతకం చేసుకుని, యంత్రాన్ని ఎనిమిది రోజులకు తీసుకున్నాను. దూబే ఆదేశాలు ఇచ్చేవాడు, నేను బోర్డు లాగేవాణ్ణి. ఆరో రోజు మధ్యాహ్నం యంత్రం నిలిచిపోయింది. నమోదులు చూస్తే కరుణ చెప్పినది పొల్లుపోకుండా కనబడింది. కెర్నల్ ముందు పేజీ వాడకం లెక్క చూసి, తరువాత ఇంకెవరూ వాడకుండా పేజీకి తాళం వేస్తోంది. ఆ రెంటి మధ్య ఉన్న అతి స్వల్ప వ్యవధిలో డిస్కు కార్డు చిరునామా తీసుకుపోతోంది. క్రమం తారుమారు చేస్తే సరిపోయింది. మొత్తం ఏడు పంక్తుల మార్పు. దూబే ఈసారి నవ్వలేదు. “మేడమ్ నే తో బోలా థా”, మేడమ్ చెప్పనే చెప్పారు, అని మాత్రం అన్నాడు.

ఆ సాయంత్రమే, నవంబరులో ఆమె నాకు స్వయంగా చెప్పిందని ఖన్నాకు లేఖ రాశాను. మరునాడు ఫోన్ వచ్చింది. “రావు సాబ్, రిపోర్ట్ క్లయింట్ కో జా చుకీ హై. అబ్ రెహనే దీజియే.” నివేదిక ఆసుపత్రి వారి చేతికి చేరిపోయింది కనుక ఇక వదిలేయమని అర్థం. అంతకు పైన డైరెక్టర్ ఉన్నాడు. ఆయన దగ్గరకు వెళ్లవచ్చు. వెళ్లలేదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం కరుణ ఇంటికి వెళ్లాను. తల్లి గ్రేసమ్మ గారు డ్యూటీ నుంచి అప్పుడే వచ్చినట్టున్నారు. యూనిఫారంలోనే కూర్చోమని కుర్చీ చూపి, టీ ఇచ్చారు. లోపం దొరికిందనీ, మీ అమ్మాయి చెప్పినదే నిజమనీ చెప్పాను.

“అయితే ఆ కాగితం మారుస్తారా అండీ?”

మారదన్నాను.

“మరెందుకొచ్చినట్టండీ?”

కరుణకు మూడు కంపెనీలలో ఇంటర్వ్యూ బాగానే జరిగినా, పాత సంస్థలో వాకబు చేసిన తరువాత ఎవరూ పిలవలేదనీ, ఇప్పుడు ముఖర్జీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో లెక్కలు చెబుతోందనీ గ్రేసమ్మ గారే చెప్పారు. “మా వార్డులో పేషెంటు నొప్పమ్మా అంటే ముందు చెయ్యేసి చూస్తామండి. చార్టు తరవాత రాస్తాం. చార్టు రాసుకుని రా, అప్పుడు చూస్తాం అనం.”

“మమ్మీ, ఛోడో నా” అని తల్లిని ఆపింది కరుణ. తరువాత నా వైపు తిరిగి ఒక్కటే అడిగింది. “ఏది ముందు పెట్టారు సర్? తాళమా, లెక్కా?”

“తాళం.”

“హాఁ. అదే అనుకున్నాను” అని, ఖాళీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లింది.

పదవీ విరమణకు ముందు నేను ఫారంలో ఒక మార్పు చేశాను. గడువు దాటాక గానీ, నోటిమాటగా గానీ ఎవరైనా సందేహం చెబితే, దాన్ని ఆ రోజే నమోదు చేసి సంతకం చేయవలసిన బాధ్యత విన్న అధికారిదని చేర్చాను. క్రమశిక్షణ మీద నాకున్న గౌరవం తగ్గలేదు. అయితే రాతలో పెట్టే భారాన్ని, సంతకం చేసే అధికారం లేనివారి మీద మోపే పద్ధతి క్రమశిక్షణ అనిపించుకోదు. అది అధికారికి దొరికే ఒక చాటు. ఈ ఉదంతం నాకు నేర్పినది ఇంతే. కరుణ తెలియజేయలేదన్న వాక్యం ఆ సంస్థ ఫైలులో ఈనాటికీ అలాగే ఉంది. దాని కింద ఉన్న సంతకం నాది.