అద్దంలో నాటుకున్న గాలి

చలికాలం పొద్దున మా ఆయన ఫోటో అద్దాన్ని పాత ధోవతి గుడ్డతో తుడుస్తుంటే వేళ్లు చల్లబడతాయి. అప్పుడు సుగుణ మేడం గుర్తొస్తుంది. ఆమెను చూసేదాకా అద్దమంటే నాకు పగిలితే ఖర్చు పెట్టించే వస్తువు, అంతే.

ఇచ్చోడ వైపు మా ఊరి పక్కన రాయి మిల్లు ఉండేది. యురేనియం ఉన్న రాయిని అందులో పొడి చేసి కడిగేవారట. అది మూతపడ్డాక మిగిలిన సన్న ఇసుకను ఊరంతా బండ్లకెత్తుకుంది. ఉత్తగా వచ్చేదాన్ని వదిలే మనుషులం కాదు; మేమూ పడకగది నేల కింద అదే పోసుకున్నాం. ఏళ్ల తర్వాత మా ఆయన ఊపిరితిత్తుల్లో గడ్డ పుట్టి పోయాడు. "నీ పొయ్యి పొగే నా కొడుకును మింగింది" అని మా అత్త అనని రోజు లేదు.

తొంభైల్లో వచ్చింది సుగుణ మేడం. మెట్‌పల్లి వైపు చర్చి కుటుంబం, గాలి, మట్టి పరీక్షించే పెద్ద చదువు. మేము వెనకటి ఏళ్లలో ఎంత చెడుగాలి పీల్చామో లెక్క కట్టాలంది. పోయిన గాలిని ఎట్లా కొలుస్తారని నవ్వాను.

"గా ఇసుకలకెల్లి రేడాన్ అని ఒక గాలి లేస్తది అక్కా. రంగుండది, వాసనుండది. దాని నలుసులు అద్దంల నాటుకుంటయి, తుడిచినా పోవు" అంటూ పెండ్లినాటి ఆయన ఫోటో అద్దానికి, ఆ నలుసుల లెక్క పట్టే గోరంత ప్లాస్టిక్ బిళ్ల అంటించింది. ఆయన పీల్చిన గాలి గుర్తు అందులో ఉందంటే ఆ అద్దాన్ని వేలితో తడిమాను.

"ఇది ఎప్పటిసంది గీడనే ఉంది పెద్దమ్మా?" అని అత్తను అడిగింది.

"పెండ్లినాటికెల్లి గీ గోడకే" అంది అత్త. పడకగది ముచ్చట పరాయివాళ్లకెందుకని ఆమె ఆలోచన.

"కాదు మేడం. ఆయన పోయినంక ముందటి అర్రకు తెచ్చినం. అంతకుముందు పండుకునే అర్రల ఉండె" అన్నాను.

"నిన్నడిగిందా ఆమె?" అని అత్త కసిరింది.

మేడం కలం ఆగిపోయింది. "ఊర్ల అందరు గిట్లనే జరుపుతరా?"

"పోయినోళ్లను లోపల మూలకు పెడ్తమా మేడం? నలుగురు దండం పెట్టేకాడ పెడ్తం."

"అద్దం ఏ అర్రల ఉంటే గా అర్ర గాలే దానిల నాటుకుంటది. నేను అన్ని ఇండ్లల ముందటి అర్ర అనే రాసుకున్న. మల్ల తిరుగుడే ఇగ" అని లేచింది. ఆ తప్పు ఎవరికీ తెలియదు, అడిగేవారూ లేరు. అయినా ఆ ఎండలో మొదటి ఇంటి నుంచి మళ్లీ మొదలుపెట్టింది. గడపలో నిలబడి, ఆమె మలుపు తిరిగేదాకా చూశాను.

బిళ్లలు తీసుకుపోయి లెక్క కట్టి, కొన్ని నెలలకు తిరిగొచ్చింది. "గా అర్రల మీ కొడుకు చెడుగాలి శానా పీల్చిండు పెద్దమ్మా."

"మరి గదేనా తిన్నది? పొయ్యి కాదా?" అని అడిగింది అత్త.

అవునంటే చాలు, ఇన్నేళ్ల నింద పోతుందని మేడం నోటివైపే చూశాను.

"కావచ్చు. గదొక్కటే అని మాత్రం అద్దం చెప్పది. తెల్వనిది నేను చెప్ప. తెలిసింది చెప్త: ఇసుక తీసేదాక గా అర్రల ఎవ్వరు పండొద్దు. తర్వాత చెడుగాలి బయటికి పోను గోడకు కిటికీ పెట్టుండ్రి."

నాకు కోపమొచ్చింది. కానీ ఆ సాయంత్రం అత్త తానే ఆ పడకగదిలో ఉన్న నా కొడుకు మంచాన్ని ముందు గదిలోకి ఈడ్చింది. పొయ్యి మాట మళ్లీ ఎత్తలేదు. మేడం అవునని చెప్పి ఉంటే, నన్ను వెనకేసుకొస్తోందనుకుని అత్త నమ్మేది కాదేమోనని తర్వాత అనిపించింది.

ఇప్పుడు ఇంట్లో ఎవరు ఏ మాట తెచ్చినా "చూసినవా, అనుకున్నవా?" అని అడుగుతాను. ముసలిదానికి నమ్మకం లేదని కోడలు గొణుగుతుంది. ఇసుక తీయించాక ఆ పడకగదికి పెట్టించిన కిటికీని చలికి మనవరాలు మూయబోతే మాత్రం ఒకటే మాట.

"దుప్పటి కప్పుకో. కిటికీ ముట్టకు."