కొక్కెం లేని గాలం

మా పెద్దమ్మ పోయిందన్న కబురు పొద్దున ఏడింటికి తెలిసింది. అప్పుడు నేను మిర్యాలగూడలో, నేను పనిచేసే బియ్యం మిల్లులో వడ్ల లారీ పక్కన నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది వదిన, పెద్దమ్మ కోడలు.

"అత్తమ్మ పోయిందయ్యా. కోదాడ దవాఖాన నుంచి ఇప్పుడే ఇంటికి తెచ్చినం."

నేను అడిగిన మొదటి మాట చెప్పుకోవడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "గాడ మంచు పడ్తుందా?" అన్నాను.

"ముంగటి ఇల్లు కనవడ్తలేదు" అంది వదిన.

పెద్దమ్మ మా నాన్న అన్నగారి భార్య. వాళ్ళది మునగాల దగ్గర పల్లె. వానాకాలం వడ్లు అమ్మేశాక పెదనాన్నకు వేరే లోకం ఉండేది కాదు. గాలం పట్టుకుని చెరువు గట్టున కూర్చునేవాడు. పెద్దమ్మ ఆ చెరువును సవతి అనేది. "పోయిండు నా సవతి దగ్గరికి" అని వాడంతా వినపడేలా తిట్టేది. అలాంటి మనిషి, పెదనాన్న చనిపోయాక వచ్చిన మొదటి చలికాలం, ఆయన గాలాలు రెండూ చంకలో పెట్టుకుని తనే సవతి ఇంటికి నడిచింది. ఆడమనిషి గాలం వేయడమేంటని ఊళ్ళో నవ్వారు.

"నవ్వుండ్రి. కూర వండినంక గిన్నెలు పట్టుకొని మా ఇంటికి రాకుండ్రి" అంది.

వచ్చారు, గిన్నెలతో సహా.

ఎర తయారీలో ఆమెను మించినవాళ్ళు లేరు. నేను మిల్లు నుంచి తెచ్చిన తవుడులో పల్లిచెక్క పొడి కలిపి, నీళ్ళలో విడిపోకుండా కాస్త పత్తి వేసి ముద్ద చేసేది. ఆమెకు కావలసింది బంగారుతీగ చేప. చలికి అది చెరువు అడుగున మందకొడిగా పడి ఉంటుంది, ఎరను ఊరికే అలా తాకి చూస్తుంది. "చలికాలం చేప గుంజదు బిడ్డా, అడుగుతది" అనేది పెద్దమ్మ. మంచులో నీటి మీది బెండు కనపడదు కాబట్టి, గాలం కట్టె కొసకు చిన్న గజ్జె కట్టి చెవులతోనే చేపలు పట్టేది.

ఆ గట్టు మీద మంచులో నేను చాలా పొద్దులు కూర్చున్నాను, కానీ ఎన్నడూ నిబ్బరంగా కూర్చోలేదు. హైవే మీద లారీ హారన్ కొడితే అది చెరువు నడుమ నుంచి వినపడేది. ఒకసారి అవతలి గట్టున ఎవరో దగ్గారు, అచ్చం పెదనాన్న దగ్గినట్టే. నేను గబుక్కున అటు తిరిగాను. పెద్దమ్మ మాత్రం తల తిప్పలేదు.

"నీళ్ళు మాటలను మోస్కొస్తయి. ఎవలయో, ఎప్పటియో. మంచుల ఎవరన్న పిలిస్తె మూడోసారి దాక పలకకు. మనిషైతె మూడుసార్లు పిలుస్తడు."

ఆ నియమం తనకూ వర్తించేది. చాయ్ తీసుకుని వెళ్ళి నాలుగడుగుల దూరం నుంచి "పెద్దమ్మా" అంటే పలికేది కాదు. మళ్ళీ పిలిచినా పలికేది కాదు. మూడోసారికి "ఊఁ, రా" అనేది.

రెండు గాలాల్లో ఒకటి ఆమెది, రెండోది పెదనాన్నది. ఆయనది మోగితే ఆమె ముట్టుకునేది కాదు. "అది ఆయనది. ఆయన సూసుకుంటడు" అనేది. ఒక పొద్దున ఆమె అటు తిరిగి ఎర కలుపుతుండగా ఆయన గజ్జె గలగలా మోగింది. ఉండబట్టలేక నేను లాగాను. దారం చివర సీసం గుండు, కొరికేసిన తవుడు ముద్ద ఉన్నాయి. కొక్కెం లేదు.

తప్పు చేసి దొరికిపోయినట్టు నిలబడ్డాను. ఆమె తిట్టలేదు. కొత్త ముద్ద పెట్టి మళ్ళీ నీళ్ళలోకి విసిరింది.

"బతికినన్ని రోజులు గుంజిండు, సాలు. ఇప్పుడు చేపలకు పెడుతుండు. మోగితె ఆయన ఉన్నట్టే గద నాకు" అంది. చేతులు తుడుచుకుంటూ, "నేను పోయినంక నా దానికి సుత కొక్కెం కోసెయ్. ఆయన పక్కకే పెట్టు. మర్సిపోకు" అంది.

మొన్నటి చలికాలం మొదట్లో ఆమెకు ఆయాసం ఎక్కువైంది. గట్టు దాకా నడవలేక నాకు ఫోన్ చేసింది. "ఒక్క పొద్దు బండి మీద తీస్కపోరా." మిల్లులో వడ్లు దిగుతున్నాయి, వచ్చే ఆదివారం వస్తానన్నాను. వారం తర్వాత మళ్ళీ చేసింది, మళ్ళీ అదే చెప్పాను. మూడోసారి "మంచు మంచిగ పడుతుందిరా" అని మాత్రమే అంది. నేను సరే సరే అని పెట్టేశాను. మనిషైతే మూడుసార్లు పిలుస్తాడని చెప్పింది ఆమే. మూడుసార్లూ పిలిచింది. నేను పోలేదు.

దినాలయ్యాక పెద్దమ్మ కొడుకు, మా అన్న, గాలాలను కట్టెల కుప్పలో వేశాడు. "పొయిల పెడ్దమనుకున్న, ఏం జేస్తవ్‌రా వీటితోని?" అన్నాడు. కుప్పలోంచి రెండూ తీసుకున్నాను. మర్నాడు తెల్లవారాక వదినతో తవుడు ముద్ద కలిపించుకుని గట్టుకు వెళ్ళాను. పెద్దమ్మ దారాన్ని పళ్ళతో కొరికి కొక్కెం తీసి జేబులో వేసుకున్నాను. రెండు దారాలకూ ముద్ద పెట్టి నీళ్ళలోకి విసిరి, కట్టెలు పక్కపక్కనే గుచ్చాను. ఎదురుగా నీళ్ళున్నాయని తెలియడమే తప్ప కనపడటం లేదు.

చాలాసేపటికి పెదనాన్న గజ్జె మోగింది. కదలకుండా కూర్చున్నాను. తర్వాత పక్కది మోగింది. ఇన్నేళ్ళ అలవాటు, నోరు జారింది.

"పెద్దమ్మా, నీది!"

గజ్జెలు రెండూ ఒక్కసారే ఆగిపోయాయి. అవతలి గట్టున ఎవరో వినడానికి నిలబడ్డట్టు అనిపించింది. ఒక పిలుపు అయిపోయింది. ఇంకో రెండుసార్లు పిలవాలి. రెండోది గొంతు దాకా వచ్చింది. ఆమె పలికితే ఏం చెప్పాలి? వడ్లు దిగుతున్నాయని చెప్పాలా?

జేబులో కొక్కెం వేలికి గుచ్చుకుంటున్నా చెయ్యి తీయకుండా, ఎండ వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను. గజ్జెలు మళ్ళీ మోగలేదు.